.308 రైఫిల్‌ను మజిల్‌లోడర్‌గా మార్చుకోవచ్చా?

ప్రశ్న: నమస్తే అండి. నేను చాలా ఏళ్లుగా అమెరికాలో ఉంటున్నాను, గ్రీన్‌కార్డు ఉంది. టెక్సస్‌లో ఉన్నప్పుడు అడవి పందుల వేట కోసం రెమింగ్టన్ 700 రైఫిల్ కొన్నాను, .308 క్యాలిబర్. ఉద్యోగం మారి ఇప్పుడు ఒహాయోలో, కొలంబస్ దగ్గర ఉంటున్నాం. జింకల వేటకు ఇక్కడ ఆ రైఫిల్ పనికిరాదని తెలిసి నీరుగారిపోయాను. మజిల్‌లోడర్ (గొట్టం మూతి నుంచి మందు, గుండు దట్టించే తుపాకీ) అయితే గన్ సీజన్‌లోనూ వాడుకోవచ్చట, జనవరిలో దానికి విడిగా ఒక సీజన్ కూడా ఉందట. షూటింగ్ రేంజ్‌లో పరిచయమైన ఒకాయన "బ్యారెల్ మార్చి వెనకాల ప్లగ్ బిగిస్తే నీ 700 మజిల్‌లోడర్ అయిపోతుంది, వీడియోలు చూసి గ్యారేజీలోనే చేసుకోవచ్చు" అన్నాడు. అలా మార్చాక చట్టం దాన్ని అసలు తుపాకీగానే చూడదని, కాగితాల గొడవ ఉండదని కూడా చెప్పాడు. మా బామ్మర్ది హెచ్-1బీ మీద సిన్సినాటిలో పనిచేస్తున్నాడు. వాడికి తుపాకీ కొనడం కుదరదేమోనని భయం. ఇలా మార్చినదాన్ని వాడి చేతికిచ్చి వేటకు తీసుకెళ్లొచ్చా? ఖర్చు ఎంతవుతుంది? ఇంత మంచి రైఫిల్‌ను మూలన పడేయడానికి మనసొప్పడం లేదు.

జవాబు: మీ రేంజ్ మిత్రుడు చెప్పిన మొదటి మాట సగం నిజం. రెండో మాట పూర్తిగా తప్పు, పైగా మీ ఇద్దరినీ కోర్టు మెట్లెక్కించే తప్పు. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. అమెరికా ఫెడరల్ చట్టంలో 'యాంటిక్ ఫైర్‌ఆర్మ్' అని ఒక వర్గం ఉంది. 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన తుపాకులు అందులోకి వస్తాయి. బ్లాక్ పౌడర్ అనే పాతకాలపు తుపాకీ మందుతోనో దాని ప్రత్యామ్నాయంతోనో పేలేలా తయారై, మామూలు తూటా వేయడానికి వీల్లేని మజిల్‌లోడర్లు కూడా, నిన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చినవైనా సరే, అందులోకే వస్తాయి. ఈ వర్గంలో ఉన్నవాటిని ఫెడరల్ చట్టం 'ఫైర్‌ఆర్మ్' కింద లెక్కపెట్టదు. కొత్త మజిల్‌లోడర్ కొన్నప్పుడు చాలాచోట్ల ఫారం 4473 (డీలర్ దగ్గర తుపాకీ కొనేటప్పుడు నింపే ఫెడరల్ ఫారం) నింపమని అడగనిది అందుకే. కొన్ని రాష్ట్రాలకైతే నేరుగా ఇంటికే పంపిస్తారు. మీ మిత్రుడు ఇంతవరకు విని ఆగిపోయినట్టున్నాడు.

అదే నిర్వచనం చివరి వాక్యం చదివితే కథ తిరగబడుతుంది. తుపాకీ ఫ్రేమ్ లేదా రిసీవర్ (బోల్ట్, ట్రిగ్గర్ కూర్చునే ప్రధాన భాగం) ఉన్న ఆయుధమైనా, ఫైర్‌ఆర్మ్‌ను మజిల్‌లోడర్‌గా మార్చినదైనా, బ్యారెల్, దాని వెనక భాగాన్ని మూసే బోల్ట్, బ్రీచ్‌బ్లాక్ లాంటివి మార్చి మళ్లీ సులువుగా తూటా పేల్చేలా చేయగలిగినదైనా 'యాంటిక్' కాదని అక్కడ స్పష్టంగా రాసి ఉంది. మీ 700ను మారిస్తే ఈ మూడింట్లోనూ పడుతుంది. బ్యారెల్ మార్చినా, ముందు నుంచి మందు దట్టించినా, సీరియల్ నంబరున్న ఆ రిసీవర్ ఎప్పటికీ ఫైర్‌ఆర్మే. మందు ఎటు నుంచి పోస్తున్నారన్నది ఈ చట్టానికి అనవసరం. దాని పుట్టుక ఏమిటి, వెనక్కి మార్చడం ఎంత సులువు అన్నవే చూస్తుంది.

ఇది కాగితం మీద ఉండిపోయిన సంగతి కాదు. తుపాకుల చట్టాలను అమలుచేసే ఏటీఎఫ్ సంస్థ, ముందు నుంచి మందు దట్టించేవైనా ఫైర్‌ఆర్మ్ కిందకే వచ్చే కొన్నింటి పేర్లు స్వయంగా ప్రకటించింది. మజిల్‌లోడర్ బ్యారెల్ బిగించిన రెమింగ్టన్ 870, మాస్‌బర్గ్ 500 షాట్‌గన్‌లు, అలాంటి బ్యారెల్‌తో ఉన్న మౌజర్ 98 రైఫిల్, థాంప్సన్ సెంటర్ ఎన్‌కోర్ ఆ జాబితాలో ఉన్నాయి. శావేజ్ కంపెనీ 10ఎంఎల్ తొలి మోడల్ కూడా ఉంది. మజిల్‌లోడర్‌గానే ఫ్యాక్టరీలో పుట్టిన తుపాకీకే ఆ గతి పట్టినప్పుడు, గ్యారేజీలో మార్చిన 700కు మినహాయింపు దొరుకుతుందని ఆశపడటం అనవసరం.

ఇక మీ బామ్మర్ది సంగతి. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదన్నది ఫెడరల్ చట్టంలో సాధారణ నియమం. దీన్ని ఉల్లంఘిస్తే 15 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. వీసా పరంగా జరిగే నష్టం దానికి అదనం. తుపాకుల నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అదే కారణం అవుతుంది, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకైనా సరే. అతనికి అర్హత లేదని తెలిసి కూడా మీ తుపాకీ ఇచ్చారనుకోండి, ఇచ్చిన మీది కూడా నేరమే. "రెండు గంటలే కదా, మా బామ్మర్దే కదా" అంటే అక్కడ ఎవరూ వినరు.

అయితే ఆ చట్టంలోనే ఒక మినహాయింపు కూడా ఉంది. మన వాళ్లలో చాలామందికి దాని గురించి తెలియదు. అమెరికాలో ఏదైనా రాష్ట్రం చట్టప్రకారం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్స్ చేతిలో ఉంటే, నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు ఆ నిషేధం వర్తించదు. డీలర్ దగ్గర కొనేటప్పుడు 4473లో అడిగే ప్రశ్నలకు జవాబుగా ఆ లైసెన్స్ చూపిస్తారు. ఇప్పుడు ఆలోచించండి. మీ బామ్మర్ది జింకను వేటాడాలంటే, మజిల్‌లోడర్‌తోనైనా విల్లుతోనైనా, ఒహాయో వేట లైసెన్స్ ఎలాగూ తీసుకోవాలి. అది తీసుకుంటే నిషేధం నుంచి మినహాయింపు ఎలాగూ వస్తుంది. మీ మిత్రుడు చెప్పిన దొడ్డిదారి అసలు అవసరమే లేదు. ముందు వైపు తలుపు తెరిచే ఉంది!

అతను చేయాల్సింది హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేసి మామూలు లైసెన్స్ తీసుకోవడం. కోర్సు లేకుండా, అనుభవం ఉన్న వేటగాడి వెంట వెళ్లేవాళ్ల కోసం ఒహాయోలో అప్రెంటిస్ లైసెన్స్ కూడా ఉంది. కానీ వీసా మీద ఉన్నవాడికి నేను కోర్సు దారే సూచిస్తాను, తుపాకీ పట్టడం కొత్త అయితే మరీ. లైసెన్స్ గడువు ఎప్పుడు ముగుస్తుందో ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోమనండి. సీజన్ అయిపోయాక తుపాకీ ఇంట్లోనే ఉండి లైసెన్స్ గడువు దాటిపోతే, ఆ రోజు నుంచి మళ్లీ మొదటి నియమమే వర్తిస్తుంది. అందుకే తుపాకీ అతని పేర కాకుండా మీ పేర, మీ ఇంట్లో, తాళం మీ దగ్గర ఉండేలా చూసుకోవడం మంచిది. గ్రీన్‌కార్డు దరఖాస్తు మధ్యలో ఉందంటే, ముందుగా ఒకసారి ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడమనండి. ఆ ఫీజు వృథా కాదు.

చట్టం పక్కన పెట్టి ఇనుము సంగతికి వద్దాం.

మొదటి అడ్డంకి మీ రైఫిల్ గొట్టం వెడల్పే. ఒహాయోలో జింకల వేటకు మజిల్‌లోడర్ కనీసం .38 క్యాలిబర్ ఉండాలి. మీది .308. అంటే ఆ బ్యారెల్ ఎలాగూ పనికిరాదు. గుండును తిప్పడానికి గొట్టం లోపల ఉండే మెలికల లెక్క కూడా కుదరదు. .308 బ్యారెళ్లలో సాధారణంగా పది, పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు ఉంటుంది. ఈ కాలపు .50 మజిల్‌లోడర్లలో 28 అంగుళాలకు ఒక చుట్టు మామూలు, గుండ్రటి సీసపు గుండు కోసమైతే ఇంకా నెమ్మదిగా తిరుగుతుంది. కాబట్టి కొత్త బ్యారెల్ చేయించాలి, దాని వెనక బ్రీచ్ ప్లగ్ (గొట్టం వెనక వైపును మూసే మర బిరడా) కోయించాలి, ప్రైమర్ (మందును అంటించే చిన్న టోపీ) కూర్చునే చోటు మార్చాలి, బోల్ట్ ముఖం సరిచేయించాలి, కూరే కడ్డీకి కొయ్యలో చోటు చూసుకోవాలి. ఇవన్నీ అయ్యాక మీరు ప్రేమగా కొనుక్కున్న రైఫిల్‌లో మిగిలేది రిసీవర్, ట్రిగ్గర్, కొయ్య. మూలన పడేయడానికి మనసొప్పడం లేదన్నారు. ఇలా మార్చినా ఆ రైఫిల్ మిగలదు కదా!

ఇంటి గ్యారేజీలో చేసే పని కాదనడానికి అసలు కారణం ఒత్తిడి. మామూలు తూటాలో మందు పేలినప్పుడు ఇత్తడి కేస్ ఉబ్బి గొట్టం గోడలకు అతుక్కుపోయి, వేడి గ్యాస్ వెనక్కి రాకుండా ఆపుతుంది. మజిల్‌లోడర్‌లో కేస్ ఉండదు. ఆ పనంతా బ్రీచ్ ప్లగ్, దాని మరలు, ప్రైమర్ కూర్చునే గూడు చేయాలి. గాస్కెట్ సరిగ్గా కూర్చోని కుక్కర్‌లో ఆవిరి ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి తన్నుకొచ్చినట్టు, ఇక్కడ గ్యాస్ తన్నుకొస్తుంది. తేడా ఏమిటంటే, అది వచ్చే దిక్కులో మీ కన్ను ఉంటుంది. మరలు ఎంత లోతు, ఏ ఉక్కు, సందు ఎన్ని వేల వంతు అంగుళం అన్నవి లేత్ మెషిన్ మీద కొలిచి చేసే పనులు. వీడియోలో అది పది నిమిషాల్లో అయిపోయినట్టు కనిపిస్తుంది. చేసినాయన వెనక ఉన్న అనుభవం వీడియోలో కనిపించదు.

మందు విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. .308 తూటాకు పరిశ్రమ పెట్టుకున్న గరిష్ఠ ఒత్తిడి పరిమితి 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). బ్లాక్ పౌడర్, దాని ప్రత్యామ్నాయాలైన పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ లాంటివాటితో నడిచే మజిల్‌లోడర్లు దానికి చాలా దిగువన పనిచేస్తాయి. "నా 700 రిసీవర్ అంత ఒత్తిడి తట్టుకుంటుంది కదా, పొగరాని మందు (ఈ కాలపు తూటాల్లో ఉండే స్మోక్‌లెస్ పౌడర్) వేస్తే ఏం?" అన్న ఆలోచన ఇక్కడే పుడుతుంది. రిసీవర్ తట్టుకుంటుంది, నిజమే. ప్లగ్, బ్యారెల్ తట్టుకుంటాయన్న హామీ ఎవరిచ్చారు? పైగా తూటాలో మందు ఎంత ఉండాలో ఫ్యాక్టరీ కొలిచి పోస్తుంది. మజిల్‌లోడర్‌లో ప్రతిసారీ కొలిచి పోసేది మీరే, చలికి వేళ్లు కొంకర్లు పోయినప్పుడు కూడా. బ్లాక్ పౌడర్ కోసం తయారైన గొట్టంలో పొగరాని మందు పోస్తే గొట్టం చీలి, వేళ్లూ చూపూ పోయినవాళ్లున్నారు. ఈ విషయంలో నేను ఎవరితోనూ బేరమాడను.

పొగరాని మందుతో నడిచే మజిల్‌లోడర్లు అసలు లేవా అంటే ఉన్నాయి. నేను ఇందాక చెప్పిన శావేజ్ 10ఎంఎల్ వరసే అందుకు ప్రసిద్ధి. ఇప్పటికీ కొందరు నిపుణులైన గన్‌స్మిత్‌లు (తుపాకులు చేసి, బాగుచేసేవాళ్లు) 700 రిసీవర్ల మీద అలాంటివి కట్టిస్తున్నారు. మీ మిత్రుడి మాట సగం నిజం అన్నది ఇందుకే. కాకపోతే అవి ప్రత్యేకమైన బ్యారెల్, ప్రత్యేకమైన ప్లగ్, పరీక్షించిన లెక్కలతో, వేల డాలర్లు పెట్టి ఆ పనిలో ఆరితేరినవాళ్లు చేయించుకునేవి. మొదటి మజిల్‌లోడర్‌గా ఎవరికీ సిఫారసు చేయను.

బోల్ట్ రైఫిల్ రూపంలో మజిల్‌లోడర్ అన్న ఆలోచన కూడా కొత్తది కాదు లెండి. ప్రైమర్‌ను గొట్టానికి సూటిగా వెనకే పెట్టే 'ఇన్‌లైన్' పద్ధతిని 1985లో మిస్సోరీకి చెందిన టోనీ నైట్ అనే గన్‌స్మిత్ ఎంకే-85 మోడల్‌తో జనంలోకి తెచ్చాడు. ఆ తర్వాత పెద్ద కంపెనీలు కూడా ఆ బాట పట్టాయి. 1996లో రెమింగ్టన్ తన 700 రూపంలోనే 700 ఎంఎల్ తెచ్చింది, మరుసటి ఏడు రూగర్ 77/50 వచ్చింది. చేతికి అలవాటైన బోల్ట్, అలవాటైన సేఫ్టీ, అదే బరువు అని వేటగాళ్లు బాగానే ముచ్చటపడ్డారు. కానీ మసి బోల్ట్‌లోకీ ట్రిగ్గర్‌లోకీ చేరడం, విప్పి కడగడం పెద్ద పని కావడం వల్ల కాలక్రమంలో వెనక్కి తగ్గారు. ఈ రోజు దుకాణంలో ఎక్కువగా కనిపించేవి షాట్‌గన్‌లా మధ్యలో విరిచి తెరిచే రకాలు. వాటిలో బ్రీచ్ ప్లగ్ చేత్తోనే విప్పొచ్చు, 209 ప్రైమర్ వేలితో పెట్టొచ్చు, లోపలంతా కంటికి కనబడుతుంది. నా ఓటు వాటికే.

ఖర్చు అడిగారు. మధ్యలో విరిచి తెరిచే రకంలో సీవీఏ వుల్ఫ్, ఆప్టిమా లాంటివి సుమారు 300 నుంచి 450 డాలర్ల మధ్యలో దొరుకుతాయి, సీజన్ అయిపోయాక ఇంకా తగ్గుతాయి. మంచి గన్‌స్మిత్‌తో మీ 700కు కొత్త బ్యారెల్ చేయించి మార్పించుకోవాలంటే ఒక్క బ్యారెల్‌కే అంత అవుతుంది, కూలీ వేరే. డబ్బు కోణంలో చూసినా ఆ మార్పు గిట్టుబాటు కాదు.

"ఒకే తుపాకీ అన్నిటికీ" అన్న ముచ్చట మీకు నిజంగా ఉంటే, దానికి ఫ్యాక్టరీ దారే ఉంది. థాంప్సన్ సెంటర్ ఎన్‌కోర్ ఫ్రేమ్‌కు రైఫిల్ బ్యారెల్, షాట్‌గన్ బ్యారెల్, .50 మజిల్‌లోడర్ బ్యారెల్ ఏదైనా బిగించుకోవచ్చు. పాతవి బాగానే దొరుకుతాయి. కానీ అది ఏ బ్యారెల్‌తో ఉన్నా ఫైర్‌ఆర్మే అన్నది గుర్తుంచుకోండి. కొనేటప్పుడు 4473 ఉంటుంది, బామ్మర్ది చేతికిచ్చేటప్పుడు లైసెన్స్ నియమం ఉంటుంది.

ఇంకో దారి మీ ఉత్తరంలో లేదు, మీకు ఎవరూ చెప్పినట్టు లేరు. ఒహాయో మీ .308ను కాదన్నది అది రైఫిల్ అయినందుకు కాదు, ఆ తూటా మెడ సన్నబడి సీసా ఆకారంలో ఉన్నందుకు. 2014 నుంచి ఇక్కడ గోడలు తిన్నగా ఉండే తూటాల రైఫిళ్లను జింకల గన్ సీజన్‌లో అనుమతిస్తున్నారు. .357 నుంచి .50 క్యాలిబర్ దాకా చెల్లుతాయి, ఛాంబర్‌లోనూ మ్యాగజైన్‌లోనూ కలిపి మూడు తూటాలకు మించకూడదు. మీ 700నే ఇలాంటి తూటాకు మార్పించుకోవచ్చు. .450 బుష్‌మాస్టర్ తూటా అడుగు వెడల్పు .308తో సమానం కాబట్టి బోల్ట్ అదే సరిపోతుంది. కొత్త బ్యారెల్ బిగించి హెడ్‌స్పేస్ (బోల్ట్‌కూ తూటాకూ మధ్య సందు) సరిచూడటం గన్‌స్మిత్‌కు రోజువారీ పని, మ్యాగజైన్ మాత్రం కాస్త సర్దాల్సి రావచ్చు. .350 లెజెండ్ అయితే భుజానికి మెత్తన, కానీ దాని అడుగు చిన్నది, బోల్ట్ కూడా మార్చాలి. రైఫిల్ మీద మమకారం అంత ఉంటే, పెట్టే డబ్బు ఈ మార్పు మీద పెట్టండి. థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం మొదలయ్యే గన్ వారంలో హాయిగా తీసుకెళ్లొచ్చు. జనవరి మజిల్‌లోడర్ సీజన్‌కు మాత్రం అది చెల్లదు, ఆ నాలుగు రోజులకు నిజమైన మజిల్‌లోడరే కావాలి.

రాష్ట్రం దాటితే మజిల్‌లోడర్ అన్న మాటకు అర్థమే మారిపోతుంది, ఇదీ చెప్పాలి. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత వచ్చే సీజన్ ఫ్లింట్‌లాక్‌లకే, అంటే రాయి ఉక్కుకు తగిలి నిప్పురవ్వ రాల్చే పాతకాలపు పద్ధతికే. కొలరాడోలో మజిల్‌లోడర్ సీజన్‌లో స్కోప్ కుదరదు, గుళికల రూపంలో వచ్చే మందు కుదరదు, గుండు చుట్టూ ప్లాస్టిక్ తొడుగు కుదరదు. ఒహాయో ఈ విషయాల్లో ఉదారంగానే ఉంటుంది, స్కోప్‌కు అడ్డు లేదు. ఎక్కడికెళ్లినా ఆ ఏటి నియమాల పుస్తకం చదివి వెళ్లండి, నిరుటిది కాదు.

మజిల్‌లోడర్ కొన్నాక అలవాట్ల గురించి. సీసాలోంచి గానీ డబ్బాలోంచి గానీ నేరుగా గొట్టంలోకి మందు పోయకండి. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే మంట డబ్బాలోకి పాకుతుంది. ఎప్పుడూ విడిగా కొలిచి, కొలపాత్రతోనే పోయాలి. ఎంత పోయాలన్నది తుపాకీతో వచ్చిన పుస్తకం చెప్పినంతే, నేను చెప్పేది కాదు, మీ మిత్రుడు చెప్పేది అసలే కాదు. గుండు మందు మీద గట్టిగా ఆనే దాకా కడ్డీతో దించాలి. మధ్యలో ఖాళీ మిగిలితే పేలినప్పుడు గొట్టం ఉబ్బుతుంది, కొన్నిసార్లు పగులుతుంది. దీనికి ఒక చక్కటి ఉపాయం ఉంది: ఖాళీ గొట్టంలో కడ్డీ దించి మూతి దగ్గర ఒక గీత పెట్టండి, సరిగ్గా దట్టించాక ఇంకో గీత పెట్టండి. అడవిలో "దట్టించానా, లేదా?" అన్న అనుమానం వచ్చినప్పుడు కడ్డీ దించి చూస్తే చాలు. మాటల్లో పడి రెండుసార్లు మందు పోయడం కొత్తవాళ్లకే కాదు, పాతవాళ్లకూ జరుగుతుంది.

ట్రిగ్గర్ నొక్కాక పేలకపోతే వెంటనే తుపాకీ తిప్పి చూడకండి. కనీసం ఒక నిమిషం పాటు గొట్టం సురక్షితమైన దిక్కుకే ఉంచి ఆగండి. ఆలస్యంగా పేలడం మజిల్‌లోడర్లకు అలవాటే. కళ్లద్దాలు, చెవి రక్షణ తప్పనిసరి. కారెక్కేముందు ప్రైమర్ తీసేయండి.

తేమ ఈ తుపాకీకి శత్రువు. చలిలోంచి వెచ్చటి ఇంట్లోకి తెస్తే లోపల నీరు చెమర్చి మందు నానుతుంది, మర్నాడు ప్రైమర్ టప్పుమంటుంది తప్ప తుపాకీ పేలదు. ప్రైమర్ తీసి, తాళం వేసిన చల్లటి గ్యారేజీలోనే ఉంచుకోవచ్చు, ఇంట్లో పిల్లలు లేకపోతేనే. పిల్లలుంటే ప్రతి సాయంత్రం గొట్టం పూర్తిగా ఖాళీ చేయడం తప్ప దారి లేదు. ఇక కడగడం. మందు మసి గాలిలోని తేమను లాక్కుని ఉక్కును తినేస్తుంది. పేల్చిన రోజే సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. "రేపు చూద్దాం" అనే బద్ధకం ఉన్నవాళ్లకు మజిల్‌లోడర్ సరిపడదు, నిర్మొహమాటంగా చెబుతున్నాను.

వంద గజాల లోపల గురి బాగా కుదిరిన దూరంలోనే ట్రిగ్గర్ నొక్కండి. రెండో గుండు దట్టించేలోపు జింక మీకోసం నిలబడదు. పేల్చగానే పొగ కమ్మేసి జింక ఎటు వెళ్లిందో కనబడదు కాబట్టి, అది నిలబడిన చోటును ఏదైనా చెట్టు గుర్తుతో ముందే మనసులో పెట్టుకోండి. ఒహాయోలో గన్ సీజన్‌లో పైన నారింజ రంగు వెస్ట్ తప్పనిసరి. లైసెన్స్‌తోపాటు జింకకు విడిగా పర్మిట్ ఉంటుంది. కొట్టిన జింకకు ట్యాగ్ కట్టి, మర్నాడు మధ్యాహ్నం 12లోపు గేమ్ చెక్ (కొట్టిన జింకను రాష్ట్రం దగ్గర నమోదు చేయడం) పూర్తి చేయాలి. ఇంటికొచ్చాక జింక మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు, మటన్‌లా ఆశించి వేయిస్తే తోలులా తయారవుతుంది. పెరుగు, అల్లంవెల్లుల్లి పట్టించి రాత్రంతా నానబెట్టి, కుక్కర్‌లో పెట్టమని చెల్లెమ్మకు చెప్పండి.

వేట బ్యాగు గురించి ఒక మాట. దాన్ని ఇండియా ప్రయాణానికి ఎప్పుడూ వాడకండి. అడుగున ఒక్క తూటా మిగిలిపోయి శంషాబాద్‌లోనో బెజవాడలోనో స్కానర్‌కు దొరికితే, అక్కడ 1959 నాటి ఆయుధాల చట్టం కింద వ్యవహారం మొదలవుతుంది. మర్చిపోయానంటే అప్పటికప్పుడు వదిలేయరు. మన ఏజెన్సీ గ్రామాల్లో నాటు తుపాకులు చూసినవాళ్లు "ఇదీ అలాంటిదే కదా" అనుకుంటారు. అక్కడ లైసెన్స్ లేని నాటు తుపాకీ కూడా నేరమే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకను వేటాడటమూ నేరమే. ఒహాయోలో పర్మిట్ మీద దొరికే సరదాను ఊళ్లో సెలవులకు వెళ్లినప్పుడు వెతుక్కోవద్దు.

మీ .308 విషయానికొస్తే, ఇందాక చెప్పిన తూటా మార్పు వద్దనుకుంటే, మార్చకుండా అలాగే ఉంచేయండి. నది దాటితే కెంటకీ. అక్కడ నవంబరులో వచ్చే మోడర్న్ గన్ సీజన్‌లో మీ రైఫిల్ ఉన్నదున్నట్టుగా చెల్లుతుంది, నాన్‌రెసిడెంట్ లైసెన్స్, జింక పర్మిట్ తీసుకుంటే చాలు. సిన్సినాటి నుంచి వంతెన దాటడమే కాబట్టి మీ బామ్మర్దికి ఇంకా దగ్గర. అతను కెంటకీలో వేటాడాలంటే కెంటకీ లైసెన్స్ విడిగా తీసుకోవాలి, ఒహాయోది అక్కడ వేటకు చెల్లదు. ముందు అతన్ని హంటర్ ఎడ్యుకేషన్ కోర్సులో చేర్పించండి. సీజన్ దగ్గరపడితే తరగతులు నిండిపోతాయి.